అటకెక్కిన చోడికల్లు

పులుసుమామిడివలసలో బుర్రోళ్ళ ఇల్లు ఎక్కడని అడిగితే ఊరు ఊరంతా చూపిస్తుంది. చూపించాక నవ్వుతుంది. ఆ నవ్వు తమ తెలివిని చూసి మురిసిపోయి నవ్వే నవ్వని బుర్రోళ్ళ నమ్మకం. ఇంటిపెద్ద తవిటయ్య, అతని పెళ్ళాం గున్నమ్మ, వాళ్ళకి ఒక్కగానొక్క కొడుకు సిమ్మయ్య. ఉన్నది ముగ్గురే గానీ, తెలివి మాత్రం ముప్ఫైమందికి సరిపడా ఉందని వాళ్ళ లెక్క.

"మిగతావోళ్ళు బుర్ర కోసం తలకాయలో ఎతుక్కోవాలి. మనకి ఇంటిపేరులోనే ఉన్నాది," అనేవాడు తవిటయ్య, అరుగు మీద కాళ్ళు చాపుకుని.

వాళ్ళ తెలివికి రుజువు కావాలా? ఒకసారి ఊళ్ళో దొంగల భయం పుట్టింది. "పొలానికి పోయేటప్పుడు ఇంటికి తాళం వెయ్యండర్రా," అని మునసబుగారు చాటింపు వేయించారు. అంతే. తవిటయ్య భజన మందిరానికి వెళ్ళి కంచుతాళాలు అడిగి తెచ్చాడు. ఆ రోజు నుంచి ఇద్దరు పొలానికి పోతే ఒకరు గుమ్మం ముందు కూర్చుని టంగుటంగున తాళం వేసేవారు. పొద్దున మొదలుపెడితే సాయంత్రం దాకా తాళమే. ఇంకేముంది, దొంగలు ఆ వీధి ఛాయలకే రాలేదు. పక్కింటి పారమ్మకి మాత్రం తలనొప్పి పట్టుకుంది.

"సూసినారా? ఊళ్ళో ఇనపముక్కలు ఏలాడదీసుకున్నోళ్ళ ఇళ్ళలో దొంగతనాలయ్యాయి. మనింట్లో అయిందేటి?" అని గున్నమ్మ నెల రోజులు చెప్పుకుంది.

అలాంటి ఇంట్లో పుట్టిన సిమ్మయ్యకి పాతికేళ్ళు నిండాయి. మంచి పనిమంతుడు, కల్లాకపటం తెలియనివాడు, వంచిన తల ఎత్తనివాడు. ఈ తల సంగతి కూడా నిజమే. చిన్నప్పుడు ఎవరో "తల దించుకుని నడవరా" అన్నారట. అప్పటి నుంచి అతను ఊళ్ళోవాళ్ళని కాళ్ళు చూసి గుర్తుపట్టేవాడు.

అలా తలవంచుకుని నడుస్తూనే ఒక సంతలో వెళ్ళి ఒక చింతపండు బుట్టలో పడ్డాడు. బుట్టలోంచి తలెత్తి చూస్తే ఎదురుగా దాలమ్మ. ఎగువన ఉన్న నేరేడుగూడ పిల్ల. చింతపండు అమ్ముకోవడానికి వచ్చింది.

"ఏటలా నోరు తెరుసుకు సూత్తన్నావు? ముయ్యి," అంది.

సిమ్మయ్య నోరు మూసుకుని చూడడం మొదలుపెట్టాడు. దాలమ్మ పకపకా నవ్వింది. అంతే, ఆ నవ్వు సిమ్మయ్య గుండెలో గూడు కట్టుకుంది. ఇంటికొచ్చాక అంబలి తాగలేదు. పడుకుంటే నిద్ర పట్టలేదు. గున్నమ్మ గాబరా పడి కొడుకు ఛాతీ మీద చెవి పెట్టి విన్నది.

"లోపల ఏదో కొట్టుకుంటన్నాదయ్యా," అంది మొగుడితో.

"ఎవుర్తో?" అన్నాడు తవిటయ్య.

సంగతి తెలిశాక ముగ్గురూ నేరేడుగూడకి వెళ్ళి పిల్లనడిగారు. దాలమ్మకి తల్లీతండ్రీ లేరు. పెంచింది మామ్మ సూరమ్మ. ఆ ముసలమ్మ నోట్లో పళ్ళు లేవు గానీ మాటలో పదునుంది. చోడికల్లు కాచడంలో ఆ చుట్టుపక్కల ఆమెని మించినవాళ్ళు లేరు. మొలకెత్తిన చోళ్ళని, అంటే రాగుల్ని, ఎండబెట్టి, పిండి విసిరి, ఆ పిండిని వేడినీళ్ళలో నానేసి, తియ్యబడ్డాక పులియబెడితే అయ్యేదే చోడికల్లు.

సూరమ్మ సిమ్మయ్యని ఎగాదిగా చూసింది.

"మా ఇంటి ఆచారం ఒకటుంది. పిల్లనడిగినోడు తన సేత్తో కాసిన చోడికల్లు కుండ తేవాల. ఇంకొకరి సెయ్యి పడకూడదు. వొచ్చే సంతనాటికి తెచ్చి నా ముందు పెట్టు. బాగుంటే పిల్లనిత్తాను. బాగోపోతే నీ దారి నీదే."

"మామ్మా, నాకు కాయడం రాదు," అన్నాడు సిమ్మయ్య బెంగగా.

"రాకపోతే ఇను. అంతా ఏడిలోనే ఉన్నాది. నీళ్ళు మరీ మరిగిపోతే మొలక సచ్చిపోద్ది, తీపి రాదు. సల్లబడిపోతే పుల్లబడిపోద్ది. రెండిటికీ మద్దెన ఉండాల. ఆ మద్దెనలో కూడా, ఏడి పిసరు తగ్గితే కల్లు పల్చగా, గాటుగా వొత్తాది. పిసరు ఎక్కువైతే సిక్కగా, తియ్యగా వొత్తాది. నాకు పళ్ళు లేవు. నాకు సిక్కగా, తియ్యగా ఉండాల."

"పిసరంటే ఎంత, మామ్మా?"

"ఏలు పెడితే సురుక్కుమనాల. అక్కడే ఉంచలేకపోవాల. అలాగని బొబ్బ లెగకూడదు. పిండి కలిపినాక పొద్దు నడినెత్తి నుంచి వాలేదాకా ఆ ఏడి దిగకూడదు. కుండని కంటికి రెప్పలా సూసుకో." ముసలమ్మ అక్కడ ఆగి, వేలు చూపించి మరీ అంది. "కుండ ఏడి సూసుకోలేనోడు పెళ్ళాన్ని ఏటి సూసుకుంటాడు?"

మొలకపిండి మూట ఇచ్చి పంపించింది. గుమ్మంలో నిలబడ్డ దాలమ్మ సిమ్మయ్య వంక చూసింది. అది వేళాకోళం చూపు కాదు. 'ఎలాగోలా చెయ్యి' అన్నట్టున్న చూపు. ఆ చూపుని కొండ దిగేదాకా గుండెల్లో పెట్టుకుని నడిచాడు సిమ్మయ్య.

ఇంటికి రాగానే చేసిన మొదటి పని, అమ్మానాన్నల చేతులు వెనక్కి విరిచి తలపాగా గుడ్డతో కట్టెయ్యడం.

"ఇంకొకరి సెయ్యి పడకూడదంది కదా. పొరపాటున పడితేనో?" అన్నాడు.

"నా కొడుకు ముందుసూపు సూసినావా!" అని గున్నమ్మ ఆనందంతో కళ్ళు తుడుచుకోబోయింది. చేతులు రాలేదు. పోనీలెమ్మని ఏడుపు మానేసింది.

సిమ్మయ్య పొయ్యి వెలిగించి కుండతో నీళ్ళు పెట్టాడు. వేలు ముంచాడు. ముగ్గురూ చెవులు రిక్కించి విన్నారు.

"సురుక్కుమందా?" అన్నాడు తవిటయ్య.

"లేదయ్యా. ఉలుకూ పలుకూ లేదు."

ఇంకో రెండు కట్టెలు ఎగదోశాడు. నీళ్ళు కాస్త కాగాయి. వేలు పెట్టి "అబ్బా!" అని తీసేశాడు. బొబ్బ లేవలేదు.

"సురుక్కుమందా?"

"లేదు. అబ్బా అంది."

"అది నువ్వన్నావురా. నీళ్ళనాల."

సరిగ్గా అక్కడే వేడి కుదిరింది. పిండి అప్పుడే పోసుంటే ఈ కథ అక్కడితో అయిపోయేది. కానీ నీళ్ళు మాట్లాడందే పిండి ఎలా పోస్తాడు? ఇంకా కట్టెలు ఎగదోశాడు. కాసేపటికి నీళ్ళు నోరు విప్పాయి.

"బుడబుడమంటన్నాదే అమ్మా!"

"దానికేటి తెలుసు, నేర్సుకుంటన్నాది. ఇంకాసేపు కానీ," అంది గున్నమ్మ.

ఇంకాసేపు కానిచ్చాడు. బుడబుడ పోయి కుతకుత వచ్చింది. కుతకుత పోయి తుకతుక వచ్చింది. చురుక్కు మాత్రం రాదు. తవిటయ్య తీవ్రంగా ఆలోచించి, "నీళ్ళకి మాట రాకపోతే ఇనుము సేత పలికించాల," అన్నాడు. సిమ్మయ్య అట్లకాడ నిప్పుల్లో పెట్టి ఎర్రగా కాల్చి, సలసలా కాగుతున్న నీళ్ళలో ముంచాడు.

చుర్రుమంది!

"సురుక్కు కాదు కదయ్యా, సుర్రు," అన్నాడు సిమ్మయ్య అనుమానంగా.

"సుర్రుకీ సురుక్కుకీ తేడా ఏటుంది? అన్నదమ్ముల పిల్లలే. పొయ్యి పిండి!"

పోశాడు. ఇంకేముంది! సలసల కాగే నీళ్ళలో పడ్డ పిండి తెడ్డు కూడా తిరగనంత బిరుసుగా సంకటైపోయింది. పొద్దువాలేదాకా చూసి కాస్త నోట్లో వేసుకున్నాడు. తీపి లేదు సరికదా, గోడకి పూస్తే అతుక్కునేలా ఉంది.

సిమ్మయ్య మొహం పాలిపోయింది. "అమ్మా, నీళ్ళు మరిగిపోతే మొలక సచ్చిపోద్దంది కదా మామ్మ."

"అవును."

"మొలక సచ్చిపోయింది."

గున్నమ్మ ఒక్క క్షణం కొయ్యబారిపోయింది. తర్వాత ఇల్లు ఎగిరిపోయేలా గొల్లుమంది. "ఓలమ్మో! సిన్న మొలకమ్మో! నిన్న గాక మొన్న మన ఇంటికొచ్చిందమ్మో! మంచినీళ్ళైనా అడక్కుండా పోయిందమ్మో!"

ఆ ఏడుపు విని పారమ్మ పరుగెత్తుకొచ్చింది. వెనకే వీధి అంతా వచ్చింది. లోపల చూస్తే మొగుడూ పెళ్ళాలకి చేతులు వెనక్కి కట్టేసున్నాయి, కొడుకు నేలమీద చతికిలబడి ఉన్నాడు.

"ఏటయిందే గున్నమ్మా? దొంగలు పడ్డారేటి? ఎవరు పోయారు?"

"పసిమొలక పోయింది పారమ్మక్కా! మా సేతులారా సంపుకున్నాం!"

వీధి అంతా గొల్లుమంది. ఎవరి పిల్లో, ఎప్పుడు పుట్టిందో ఎవరికీ తెలియదు. అయినా చావింట్లో అలాంటివి అడగడం మర్యాద కాదు కదా. ఆడవాళ్ళు కూలబడి రాగాలు తీశారు. మగవాళ్ళు పాడె కోసం వెదురు నరుక్కొచ్చారు. ఒకాయన డప్పులవాళ్ళకి కబురు చేశాడు.

అన్నీ అయ్యాక పారమ్మ ముక్కు చీది, "శవం ఏదిరా అబ్బాయా?" అంది.

సిమ్మయ్య వెక్కిళ్ళు పెడుతూ సంకటికుండ చూపించాడు.

పారమ్మ కుండలోకి తొంగి చూసింది. వేలు పెట్టి చూసింది. నాకి చూసింది.

"శవాన్ని నాకేత్తందిరో!" అని తవిటయ్య కెవ్వుమన్నాడు.

"మీ బుర్రలు బద్దలవ్వా! ఇది చోడిసంకటి కదర్రా! ఇంత ఉల్లిపాయ నంజుకుని తినక, పాడె కట్టిస్తారా?"

ఎవరెన్ని చెప్పినా బుర్రోళ్ళు వినలేదు. ఇంట్లో పోయినవాళ్ళని ఇంట్లోనే తినడం ఏం ఆచారం? సిమ్మయ్య ఆ కుండని పాడె మీద పెట్టి, ముందు వైపు తన భుజం మీద వేసుకున్నాడు. వెనక వైపు తవిటయ్య ఎత్తుకున్నాడు. చేతులు లేవు కాబట్టి తలమీద ఎత్తుకున్నాడు. ముందు తగ్గు, వెనక ఎత్తు. వాగు దాకా పోయేసరికి సంకటంతా సిమ్మయ్య వీపు మీదికి జారింది. వాగులో ఖాళీకుండ ఉత్తపుణ్యానికి స్నానం చేసి ఇల్లు చేరింది.

జనం నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. వాగు గట్టున సిమ్మయ్య ఒక్కడే మిగిలాడు. వీపంతా జిగురు, మనసంతా దిగులు. పిండి అయిపోయింది. సంత దగ్గర పడుతోంది. ఇక దాలమ్మ మాట మరిచిపోవాల్సిందేనా? ఎంత ప్రయత్నించినా ఎలా మరిచిపోవాలో కూడా అతనికి తెలియలేదు.

"ఏటి, సిమ్మయ్యా, వీపుకి సంకటి రాసుకున్నావు? కొత్తరకం నలుగేటి?"

తలెత్తితే దాలమ్మ. చింతపండు బేరానికి కొండ దిగింది. జరిగింది చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఆమె నవ్వాపుకోలేక పైట నోట్లో కుక్కుకుంది. కానీ చివర అతను "నాకు సేతకాదు దాలమ్మా, కానీ నువ్వంటే నాకిష్టం, ఈ రెండూ ఒకేసారి ఏల జరగాలో తెలీటం లేదు," అనేసరికి ఆమె నవ్వు ఆగిపోయింది.

గబగబా బుట్ట అడుగు నుంచి పిండిమూట ఒకటి తీసింది. చింతపండుతోపాటు అమ్ముకోవడానికి తెచ్చుకున్నది. దాంతోపాటు చిన్న ఆనపబుర్ర కూడా ఇచ్చింది.

"బాగా ఇను. ఏలు కాలీకాలనట్టు ఉన్నప్పుడే పిండి కలుపు. నీళ్ళు మాట్లాడక్కర్లేదు. నువ్వు 'అబ్బా' అంటే సాలు. కుండకి సలెయ్యకుండా దుప్పటి కప్పు. తియ్యబడ్డాక సల్లారనిచ్చి, ఈ బుర్రలో ఉన్న పాతకల్లు మడ్డి అందులో ఒంపు. మూతికి గుడ్డకట్టి, సంత దాకా ఇప్పకు."

"బుర్రలోదంటే? నా బుర్రలోదా?"

"నీ బుర్రలో ఒంపడానికి ఏటున్నాది? ఈ ఆనపబుర్రలోది. ఇంకో మాట. పిండి నేనిచ్చానని మూడో కంటికి తెలియకూడదు. మామ్మకి తెలిత్తే నన్ను కొండ దిగనివ్వదు."

సిమ్మయ్య కాసేపు ఆలోచించాడు. "మూడో కన్ను కాదు దాలమ్మా, నాలుగో కంటికి కూడా తెలిసిపోయింది. నీవి రెండు, నావి రెండు."

దాలమ్మ అతని వంక జాలిగా చూసింది. "అయితే నువ్వు రెండూ మూసుకో," అంది.

అంతే. కళ్ళు మూసుకుని సిమ్మయ్య ఇల్లు చేరాడు. దారిలో ఒక ముళ్ళకంచె, రెండు గేదెలు, ఒక పెంటకుప్ప తగిలాయి. ఒక గేదెకి దండం పెట్టి "దారివ్వు మామా" అన్నాడు. మూట మాత్రం వదల్లేదు.

మర్నాడు పొద్దెక్కాక మళ్ళీ పొయ్యి వెలిగింది. ఈసారి సిమ్మయ్య వేలు ముంచాడు. "అబ్బా!" అన్నాడు. బొబ్బ లేదు. పిండి పోశాడు, తెడ్డుతో తిప్పాడు. గంజిలా చక్కగా కలిసింది. కుండ దించాడు. ఇంతవరకూ బాగానే ఉంది. ఇంతవరకూ బాగుండడం ఆ ఇంట్లో అదే మొదటిసారి.

"ఇక కంటికి రెప్పలా సూసుకోవాల," అన్నాడు. "అయ్యా, రెప్ప ఏటి సేత్తాది?"

తవిటయ్య పెళ్ళాం ఎదుట కూర్చుని ఆమె కంటిని పరీక్షగా చూశాడు. "మూసుకుంటాది, తెరుసుకుంటాది. మూసుకుంటాది, తెరుసుకుంటాది. ఒక్కసోట ఊరుకోదురా."

ఇంకేముంది! సిమ్మయ్య మూకుడు చేతపట్టుకుని కుండ మూత టప్పున తెరవడం, టప్పున మూయడం మొదలుపెట్టాడు. మూత తెరిచినప్పుడల్లా పొగలు గుప్పుమని పైకి పోతున్నాయి. ఆ పొగలు చూసి గున్నమ్మ లబోదిబోమంది.

"ఏడంతా పోతన్నాదిరా! పట్టుకోండి!"

పట్టుకోవడానికి ఆమెకి చేతులు లేవు. తవిటయ్యకీ లేవు. ఇద్దరూ నోరు తెరిచి పొగ మింగుతూ ఇల్లంతా ఎగిరారు. అప్పుడు తవిటయ్య ఒక్కసారి ఆగిపోయాడు. అతని మొహం వెలిగిపోయింది.

"ఒరే సిమ్మయ్యా, ముసలమ్మ ఏటంది? ఏడి పోకూడదందా, దిగకూడదందా?"

"దిగకూడదంది."

"మరి నేలమీద పెట్టుకుంటే దిగదేటి? అటకెక్కించెయ్యి! ఎక్కించి నిచ్చెన తీసేత్తే, ఏ దారిన దిగుతాదో నానూ సూత్తాను!"

ఆ మాటకి గున్నమ్మ మొగుణ్ణి చూసి మురిసిపోయింది. సిమ్మయ్య కుండని చంకనెత్తుకుని నిచ్చెనెక్కి అటక మీద పెట్టాడు. కుండకి చలెయ్యకుండా దుప్పటి, గోనెసంచులు కప్పాడు. తవిటయ్య కింద నుంచి భుజంతో నిచ్చెనని ఒక్క తోపు తోశాడు. అది దబ్బున పడింది. తీయడం తేలికే. మళ్ళీ పెట్టాలంటే చేతులు కావాలి. అది ఎవరికీ తోచలేదు.

అటక కింద పొయ్యి. పైన ఎండకి కాగిన పెంకులు. లోపల ఆవిరిగూడులా ఉంది. సిమ్మయ్య కుండ పక్కనే ముడుచుకుని మూత తెరుస్తూ, మూస్తూ కూర్చున్నాడు. కుండ మీద చెయ్యి వేసి చూశాడు. దాలమ్మ గుర్తొచ్చింది. 'కుండ ఏడి సూసుకోలేనోడు పెళ్ళాన్ని ఏటి సూసుకుంటాడు' అన్న ముసలమ్మ మాట గుర్తొచ్చింది. అయ్యో పాపం, చలేస్తుందేమోనని దుప్పటితో సహా కుండని కావలించుకున్నాడు. ఆ వెచ్చదనానికి అతనికి కళ్ళు కూరుకొచ్చాయి.

'నిద్దరొత్తే రెప్ప ఏటి సేత్తాది? మూసుకుంటాది. ఇక తెరుసుకోదు,' అనుకున్నాడు. అలాగే మూకుడు గట్టిగా మూసేసి, కుండని వాటేసుకుని గుర్రు పెట్టాడు.

పొద్దువాలేదాకా ఎవరూ ఆ మూత తియ్యలేదు. వేడి ఎంత ఉండాలో అంతే ఉంది.

సాయంత్రం మెలకువ వచ్చి మూత తీసేసరికి కమ్మటి తియ్యటి వాసన. వేలు ముంచి నాకాడు. తేనెలో చోళ్ళు కలిపినట్టుంది! "అమ్మా! తియ్యబడింది! సిక్కగా ఉన్నాది!" అని అరిచి ఆనందంతో లేచాడు. నెత్తి దూలానికి కొట్టుకుంది. దిగుదామంటే నిచ్చెన లేదు. వెయ్యమని కేకేశాడు.

"ఆ ఒక్కటీ అడక్కు," అన్నాడు కింద నుంచి తవిటయ్య. "నిచ్చెనేత్తే ఏడి దిగిపోద్ది."

చివరికి పారమ్మ వచ్చి నిచ్చెన వేసింది. తవిటయ్య దంపతుల కట్లు కూడా ఆమే విప్పింది. కుండ చల్లారాక సిమ్మయ్య ఆనపబుర్రలోని మడ్డి ఒంపాడు. తర్వాత మూతికి గుడ్డ కట్టాలి. ఎవరి మూతికి? దాలమ్మ చెప్పలేదు. అందుకని ఎందుకైనా మంచిదని కుండ మూతికి కట్టాడు, అమ్మ మూతికి కట్టాడు, అయ్య మూతికి కట్టాడు, తన మూతికీ కట్టుకున్నాడు. సంత దాకా ముగ్గురూ అంబలిని గుడ్డలోంచే పీల్చుకుని తాగారు. ఆ ఇంట్లోంచి ఒక్క మాట బయటికి రాలేదు. పారమ్మ తలనొప్పి హాయిగా తగ్గిపోయింది.

సంతరోజు ముగ్గురూ గుడ్డలు విప్పేసుకుని, కుండ ఎత్తుకుని నేరేడుగూడ చేరారు. సూరమ్మ వాకిట్లో పీట వేసుకుని కూర్చుంది. చుట్టూ ఊరంతా మూగింది. దాలమ్మ గోడవారగా నిలబడి గోళ్ళు కొరుక్కుంటోంది. సిమ్మయ్య కుండని ముసలమ్మ ముందు దించాడు. కుండ తనకంటే ధైర్యంగా ఉన్నట్టనిపించింది అతనికి.

ముసలమ్మ డొప్పతో ముంచి ఒక్క గుక్క తాగింది. కళ్ళు మూసుకుంది. ఇంకో గుక్క తాగింది.

"సిక్కగా ఉన్నాది," అంది. "తియ్యగా ఉన్నాది. ఏడి పిసరు కూడా అటూ ఇటూ పోలేదు. నా వయసులో నేను కూడా ఇంత నిలకడగా పట్టి ఉంచలేదురా. ఏల సేసినావు?"

"ఏడి దిగకుండా నిచ్చెన తీసేసాం మామ్మా," అన్నాడు సిమ్మయ్య వినయంగా.

అదేదో సరసమనుకుని ముసలమ్మ బోసినోటితో నవ్వింది. ఊరు నవ్వింది. దాలమ్మ గోళ్ళు కొరకడం మానేసింది.

"ఇక ఒక్కటే మిగిలింది. కల్లన్నాక తలకెక్కాల. ఇది నా తలకెక్కిందనుకో, ఆ నిమిషాన పిల్ల నీదే!"

ఇన్ని రోజులు పడ్డ పాటు, కట్టించిన పాడె, గేదెలు, అటక, అన్నీ దాటి ఇప్పుడు అడ్డమున్నది అదొక్కటే. తల అల్లంత దూరంలో కాదు, చెయ్యి చాస్తే అందేంత దగ్గరలోనే ఉంది. ఇంకా ఆలస్యం దేనికి? కుండ రెండు చేతులా ఎత్తి, జాగ్రత్తగా, ఒక్క చుక్క పక్కకి పోకుండా, సూరమ్మ తల మీద బోర్లించేశాడు.

వాకిలి వాకిలంతా బిగుసుకుపోయింది. ముసలమ్మ ముడి జారి, కనుబొమల మీంచి, ముక్కు మీంచి చిక్కటి కల్లు బొట్లు బొట్లుగా కారుతోంది.

"ఎక్కిందా మామ్మా?" అన్నాడు సిమ్మయ్య ఆశగా.

"ఒరే సచ్చినోడా!" ముసలమ్మ పీట మీంచి ఎగిరి లేచింది. "ఇంకెప్పుడూ నాకు నీ మొహం సూపించకు!"

పెద్దవాళ్ళ మాట. అంతే, సిమ్మయ్య చేతిలో ఉన్న ఖాళీకుండని గభాల్న తన తలకి తొడుక్కున్నాడు. అది గెడ్డం దాకా దిగి, అక్కడ పట్టేసింది. లాగితే రాలేదు. లోపల నుంచి అతని గొంతు నూతిలోంచి వచ్చినట్టు వినబడింది. "ఇప్పుడు కనబడతన్నాదా మామ్మా?"

దాలమ్మ ఇక ఆపుకోలేకపోయింది. గోడని పట్టుకుని, పొట్ట పట్టుకుని, చివరికి నేలమీద కూలబడి నవ్వింది. కళ్ళమ్మట నీళ్ళు కారేదాకా నవ్వి, లేచి వచ్చి మామ్మ ముందు నిలబడింది.

"మామ్మా, కల్లు నీ తలకెక్కిందా లేదా?"

"కనబడతాలేదేటే నీకు!"

"ఎక్కితే పిల్లనిత్తానన్నావు. ఊరంతా ఇన్నాది. మాటంటే మాటే."

సూరమ్మ ఏదో తిట్టబోయింది. తిట్టు కోసం నోరు తెరిస్తే, పైపెదవి మీంచి జారిన కల్లుచుక్క నోట్లో పడింది. చప్పరించింది. మళ్ళీ నాలుక చాపి కింది పెదవి కూడా నాకింది. కోపం మొహంలోనే ఉంది గానీ, కళ్ళలో లేదు.

"దొంగముండా, నీకు ఈడే కావాలేటే?"

"ఈడే కావాల. ఏది సెబితే అదే సేత్తాడు. ఏటి సెప్పాలో నాకు తెలుసు."

ముసలమ్మ కొప్పు పిండుకుంటూ లోపలికెళ్ళి, పసుపుకొమ్ము కట్టిన తాడు పట్టుకొచ్చింది. "నేను సల్లబడకముందే కానిచ్చేయండి," అంది.

ఇంకేముంది! అక్షింతలు కలిపారు. ఎవరో సన్నాయి ఊదారు. పెళ్ళికొడుకు కుండలో ఉన్నాడు, రెండు చేతులూ గాల్లో తడుముకుంటున్నాడు. పసుపుతాడు చేతిలో పెట్టారు.

"మెడలో కట్టరా!" అన్నాడు తవిటయ్య పక్క నుంచి.

సిమ్మయ్య తడిమాడు. చేతికి ఒక మెడ తగిలింది. గుండ్రంగా, నున్నగా, వెచ్చగా ఉంది. కుండకి కూడా మెడ ఉంటుందని ఆ గాభరాలో ఎవరికి గుర్తుంటుంది? అతను మురిసిపోతూ ఆ మెడకే మూడు ముళ్ళూ బిగించేశాడు. అక్షింతలన్నీ కుండ మీద టపటపా పడ్డాయి.

దాలమ్మ నుదురు కొట్టుకుని, పక్కనున్న తెడ్డు తీసుకుని కుండ మీద ఒక్కటిచ్చింది. కుండ భళ్ళున పగిలింది. లోపల సిమ్మయ్య మొహం చోడిపిండి పూసుకుని, చిరునవ్వుతో బయటపడింది. దాలమ్మ తాడు అందుకుని అతని చేతికిచ్చి, వంగి తన మెడ చూపించబోయింది.

అప్పుడే గున్నమ్మ గుండెలు బాదుకుంటూ పెంకుల మీద పడింది. "ఓలమ్మో! తాళి కట్టిన మరునిమిషానే నా కోడల్ని ముక్కలు సేసేసిందిరో!"

తవిటయ్య పెళ్ళాం భుజం మీద చెయ్యి వేసి ఓదార్చాడు. "ఏడవకే గున్నా. రాతలో ఉన్నదానికి ఎవరేటి సేత్తారు? గుంటడు సిన్నోడు, ఒంటిగా ఏలుంటాడు? పిల్ల పక్కనే ఉన్నాది, సన్నాయోడూ ఇంకా ఎల్లిపోలేదు. రెండో పెళ్ళి సేసేద్దాం."

అలా దాలమ్మ బుర్రోళ్ళింటికి రెండో కోడలిగా వచ్చింది. ఇప్పటికీ ఆ ఇంటికి చుట్టాలొస్తే దాలమ్మ చోడికల్లు పోస్తుంది. ఎప్పుడూ చిక్కగా, తియ్యగా ఉంటుంది. గున్నమ్మ మాత్రం ఓ గుక్క తాగి, పెరట్లో పసుపు రాసి పెట్టుకున్న పెంకుల వంక చూసి నిట్టూరుస్తుంది.

"దీనికేటి, సిటుక్కుమంటే కోపం. మా పెద్దకోడలు, పాపం, పొయ్యి మీద కూకోబెట్టినా ఒక్క మాటనేది కాదు."